లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో ఖాళీ దీవి కొనడం ఎలా: పడవ రేవు నుంచి రిజిస్ట్రేషన్ దాకా

కెనడాలో ఆంటారియో రాష్ట్రానికి వాయవ్యపు కొసన, మానిటోబాను, అమెరికాలోని మిన్నెసోటాను ఆనుకుని లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే సరస్సు ఉంది. అందులో 14,500కు పైగా దీవులున్నాయి. ఎక్కువ శాతం వాటిలో రాయి, పైన్ చెట్లు, నాచు తప్ప ఇంకేమీ ఉండవు. కరెంటు, రోడ్డు, కుళాయి అనే మాటలే లేవు. సరస్సుకు ఉత్తరాన కెనోరా పట్టణం, తూర్పున 71వ హైవే మీద సూ నారోస్, నెస్టర్ ఫాల్స్. విన్నిపెగ్ నుంచి కెనోరాకు కారులో రెండు గంటల పైచిలుకు. విన్నిపెగ్‌లోనో మినియాపొలిస్‌లోనో ఉండే తెలుగువాళ్లకు వారాంతంలో వెళ్లి రాగల దూరంలోనే ఇక్కడ అడవి దీవులు అమ్మకానికి దొరుకుతాయి.

ప్రకటనలో డ్రోన్ ఫొటో చూసి ధర అడగడంతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. ఆ వరుస తప్పు. దీవి బాగుందా లేదా అన్నది చివర చూసుకోవచ్చు. అక్కడికి చేరే హక్కు, సామాన్లు దించే చోటు, మరుగుదొడ్డి తవ్వేంత మట్టి ఉన్నాయా లేవా అన్నది ముందు తేలాలి. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా మిగిలేది ఏటా పన్ను కట్టించుకునే బండరాయే.

ముందు కాగితాలు: ఆ దీవి ఎవరిది?

ఆంటారియో భూమిలో సుమారు 87 శాతం ప్రభుత్వానిది. దాన్ని క్రౌన్ ల్యాండ్ అంటారు. ఈ సరస్సులోని ఖాళీ దీవులు కూడా చాలావరకు ఆ కోవలోవే. 'ఎవరూ ఉండట్లేదు కదా, ప్రభుత్వాన్ని అడిగి కొనుక్కుందాం' అనే ఆలోచన ఉంటే మానుకోండి. మీరు కొనగలిగేది ఎప్పుడో ప్రభుత్వం పేటెంట్ (భూమి హక్కును మొదటిసారి రాసిచ్చే పత్రం) రాసి ప్రైవేటు వ్యక్తికి ఇచ్చేసిన దీవిని మాత్రమే.

ఇంకో సంగతి. ఈ ప్రాంతమంతా అనిషినాబే అనే ఆదివాసీ ప్రజలది. 1873 అక్టోబరు 3న ఈ సరస్సు ఒడ్డునే ఉన్న నార్త్‌వెస్ట్ యాంగిల్ దగ్గర వాళ్లకూ కెనడా ప్రభుత్వానికీ మధ్య ట్రీటీ 3 అనే ఒప్పందం కుదిరింది. కొన్ని దీవులు, కొన్ని ఒడ్డు భూములు వాళ్లకు కేటాయించిన రిజర్వుల్లో ఉన్నాయి. అలాంటి చోట దొరికేది లీజే తప్ప సొంత హక్కు కాదు. ప్రకటనలో ధర మరీ తక్కువగా కనిపిస్తే మొదటి ప్రశ్న ఇదే వేయండి: సొంతమా, లీజా, లీజైతే ఇంకా ఎన్నేళ్లు మిగిలింది?

ప్రతి స్థలానికీ పిన్ అనే 9 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏజెంటు దగ్గర అది తీసుకోండి. ఆన్‌ల్యాండ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి, రుసుము కడితే పార్సెల్ రిజిస్టర్ వస్తుంది. కెనోరా జిల్లా రిజిస్ట్రీ ఆఫీసు నంబరు 23, దక్షిణాన రెయినీ రివర్ జిల్లాది 48. మన దగ్గర ఈసీ తీసినట్టే ఇక్కడ యజమాని పేరు, తాకట్టు, దావాలు, దారి హక్కులు అన్నీ అందులోనే తెలుస్తాయి. అయితే ఈసీ తీసి ఊరుకోకుండా లింకు డాక్యుమెంట్లు కూడా చూస్తాం కదా, అలాగే అసలు పేటెంట్ నకలు కూడా తెప్పించుకోండి. తిరకాసులన్నీ అందులోనే ఉంటాయి. లాయరు చదివి వినిపించాల్సినవి ఇవి:

ఒడ్డు పొడవునా 66 అడుగుల పట్టీని ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుందా? పాత సర్వేల్లో ఇది మామూలే. ఉంచుకుంటే మీ ఇంటికీ నీళ్లకీ మధ్య ఉన్న నేల మీది కాదు. వరద నీరు ఏ ఎత్తు దాకా నిలవడానికి హక్కు అట్టిపెట్టుకున్నారు? పైన్ చెట్లు ఎవరివి? గనుల హక్కు ఉందా, లేక పైనేల హక్కు మాత్రమేనా?

చివరి ప్రశ్నకు కొంచెం వివరం కావాలి. గనుల హక్కు ప్రభుత్వం దగ్గరే ఉంటే ఇంకొకరు అక్కడ ఖనిజాలు వెతికే హక్కు కోసం క్లెయిము వేయవచ్చు. 2018 ఏప్రిల్ నుంచి ఆంటారియోలో క్లెయిములు ఇంటర్నెట్‌లోనే నమోదవుతున్నాయి, అడవిలోకి వెళ్లి గుంజ పాతాల్సిన పని లేదు. ఎమ్‌ల్యాస్ అనే ప్రభుత్వ గనుల మ్యాపు ఉచితం. దాన్ని తెరిచి మీ దీవి మీద రంగు గడి ఉందేమో చూసుకోండి. ఉందంటే రేపే తవ్వుతారని కాదు గానీ, లాయరుతో మాట్లాడకుండా అడ్వాన్స్ మాత్రం ఇవ్వొద్దు.

దీవిలో సగమో మూడో వంతో అమ్ముతామంటే ప్లానింగ్ చట్టం 50వ సెక్షన్ అడ్డొస్తుంది. అనుమతి లేకుండా ముక్క చేసి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. రెండు దీవులు ఒకే పిన్ కింద ఉండి వాటిలో ఒకటే అమ్ముతున్నా లాయరు దీన్ని ప్రత్యేకంగా తేల్చాలి.

రేవు: అసలు బేరం ఇక్కడ

దీవి కొన్న తర్వాత ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. దీవికి రోడ్డు లేదని అందరికీ తెలుసు. కారు ఎక్కడ ఆపాలి, పడవ ఎక్కడ కట్టాలి, ట్రైలరు ఎక్కడ వదలాలి అన్నది మాత్రం కొనేముందు అడగరు. అమ్మేవాడు 'అక్కడ పడవ నీళ్లలోకి దించే పబ్లిక్ ర్యాంపు ఉంది' అంటాడు. ర్యాంపు ఉన్నంత మాత్రాన రెండు వారాలు బండి పెట్టుకోవచ్చని కాదు. కొన్నిచోట్ల రాత్రి పార్కింగే ఉండదు.

మూడు ఏర్పాట్లలో ఏదో ఒకటి కాగితం మీద కనబడాలి. అన్నిటికన్నా మేలు, దీవితో పాటు ఒడ్డున చిన్న ముక్కో, అందులో వాటాయో రిజిస్టరై ఉండటం. తర్వాతది, ఇంకొకరి స్థలం మీదుగా రిజిస్టరైన దారి హక్కు. అందులో పార్కింగ్ అనే మాట, పడవ కట్టే మాట విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. నడిచే హక్కు ఉన్నంత మాత్రాన బండి నిలిపే హక్కు రాదు. మూడోది మెరీనాలో, అంటే పడవలు నిలిపే ప్రైవేటు రేవులో, ఏడాది అద్దె. ఇది దీవితో పాటు బదిలీ కాదు. కాబట్టి మెరీనాకు మీరే ఫోన్ చేసి స్లిప్పు (పడవ కట్టే జాగా) ఖాళీ ఉందా, వెయిటింగ్ ఎంత, చలికాలంలో బండి ఉంచనిస్తారా, ఎంత పొడవు పడవకు ఎంత అని కనుక్కోండి. 'మా నాన్నగారి కాలం నుంచీ పక్కవాళ్ల డాక్ (పడవ కట్టే చెక్క వేదిక) వాడుకుంటున్నాం' అనే మాటను లెక్కలోకి తీసుకోకండి. ఆ స్నేహం వాళ్లది, మీకు రాసివ్వలేరు.

తర్వాత నీటిదారి. కెనడా జలమార్గ సర్వే శాఖ ఈ సరస్సుకు చార్టులు ముద్రిస్తుంది. మీ దీవి ఉన్న చార్టు కొని రేవు నుంచి దీవి దాకా గీత గీయండి. బొమ్మలో రాళ్ల గుర్తులు ఎన్ని దాటాల్సి వస్తోంది, ఎంత దూరం తెరిచిన నీటి మీద పోవాలి? తెరిచిన నీటి మీద వాయవ్యపు గాలి లేస్తే చిన్న పడవలు వెనక్కి తిరగాల్సిందే. అరగంట దారి అని ఏజెంటు చెప్పేది ఎండ కాసే ప్రశాంతమైన రోజు లెక్క. మోటారు పడవ నడపడానికి కెనడావాళ్లకు ఆపరేటర్ కార్డు తప్పనిసరి. 45 రోజులకు లోపు వచ్చిపోయే విదేశీయులకు, తమ సొంత పడవ తెచ్చుకుంటే, మినహాయింపు ఉంది.

ఏడాదిలో రెండుసార్లు దీవికి అసలు దారే ఉండదు. శీతాకాలం మొదట్లో నీరు గడ్డకట్టేటప్పుడు, ఏప్రిల్, మే నెలల్లో మంచు కరిగేటప్పుడు, పడవకూ కుదరదు, స్నోమొబైల్‌కూ కుదరదు. గట్టి పారదర్శకమైన మంచు మనిషి నడవడానికి 10 సెంటీమీటర్లు, స్నోమొబైల్‌కు కనీసం 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉండాలి. తెల్లగా పొంగినట్టున్న మంచు బలం అందులో సగమే. దీవుల మధ్య ఇరుకు సందుల్లో కింద ప్రవాహం ఉంటుంది కాబట్టి పక్కన రెండడుగుల మందం ఉన్నా అక్కడ పల్చగానే ఉంటుంది.

నీటి మట్టం గీత

ఈ సరస్సు సహజంగా ఊరికే నిండి తగ్గే సరస్సు కాదు. కెనోరా దగ్గర ఆనకట్టలున్నాయి. 1925లో కెనడా, అమెరికా చేసుకున్న ఒప్పందం ప్రకారం మట్టాన్ని సముద్రమట్టానికి 1,056 నుంచి 1,061.25 అడుగుల మధ్య ఉంచాలి. మీటర్లలో 321.87 నుంచి 323.47. అంటే ఒకే ఒడ్డు దగ్గర నీళ్లు మీటరున్నర పైనే ఎక్కి దిగవచ్చు. ఏ రోజు ఎంత ఉందో లేక్ ఆఫ్ ది వుడ్స్ కంట్రోల్ బోర్డు వెబ్‌సైటులో కనిపిస్తుంది.

చూడ్డానికి వెళ్లిన రోజు ఆ అంకె రాసుకుని వెళ్లండి. ఉదాహరణకు ఆ రోజు 322.90 ఉందనుకుందాం. డాక్ కట్టాలనుకున్న చోట తాడుకు బరువు కట్టి వదిలితే లోతు 1.2 మీటర్లు వచ్చింది. బాగానే ఉందనిపిస్తుంది. మట్టం కింది గీత దగ్గరికి, 321.87కి దిగితే మీకు మిగిలేది 17 సెంటీమీటర్లు. మోటారు రాళ్లకు తగులుతుంది. అదే మట్టం పై గీతకు ఎక్కితే ఈ రోజు నీటి అంచుకు 57 సెంటీమీటర్ల ఎత్తు దాకా వస్తుంది. ఆ ఎత్తులో ఒడ్డు రాయి మీద సుద్దతో గీత పెట్టి చుట్టూ చూడండి. చదునుగా ఉన్న, ప్రకటనలో బీచ్ అని రాసిన జాగా చాలాసార్లు ఆ గీత కిందే ఉంటుంది. 2022లో వరద ఆ పై గీతను కూడా దాటింది. డాకులు, పడవ షెడ్లు మునిగాయి.

రేవు దీవికి ఏ వైపు వస్తుందన్నది కూడా చూసుకోవాలి. పడమర, వాయవ్య దిక్కులకు తెరుచుకుని ఉంటే అలలు, దానికి తోడు వసంతంలో గాలికి కదిలే మంచు పలకలు డాకును నెట్టేస్తాయి. తూర్పు వైపో ఆగ్నేయం వైపో చాటుగా, ఒడ్డు లోపలికి వంగిన చిన్న అఖాతం దొరికితే ఆ దీవికి కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు. బార్జి (బరువు సామాను మోసే చదును పడవ) ముక్కు ఒడ్డుకు ఆనేలా వాలుగా, లోతుగా ఉన్న చోటు ఒక్కటైనా ఉండాలి. లేకపోతే కలప, ఇసుక, ట్యాంకు, అన్నీ చిన్న పడవలో చేతుల మీద దించాలి, కూలి ఖర్చు సామాను ఖర్చును మించిపోతుంది. బార్జి నడిపేవాళ్లకు కొనేముందే దీవి కోఆర్డినేట్లు పంపి 'ఇక్కడ దించగలరా, ఏ నెలలో' అని అడగండి. చాలామందికి ఒడ్లన్నీ కంఠతా వచ్చు.

ఎకరంలో ఎన్ని సెంట్లు మిగులుతాయి?

మట్టిలోకి నీరు ఇంకించే మురుగు ఏర్పాటు ఏదైనా సరస్సు నీటికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలని ఆంటారియో బిల్డింగ్ కోడ్ చెబుతోంది. నాలుగు వైపులా నీరే ఉన్న స్థలంలో ఇదెంత పని చేస్తుందో లెక్క వేసి చూడండి.

ఒక ఎకరం దీవి, అచ్చం గుండ్రంగా ఉందనుకుందాం. వైశాల్యం 4,047 చదరపు మీటర్లు, మధ్య నుంచి అంచుకు దాదాపు 36 మీటర్లు. చుట్టూ 15 మీటర్లు తీసేస్తే లోపల మిగిలే వృత్తం 1,370 చదరపు మీటర్లు, అంటే సుమారు 34 సెంట్లు. పేటెంట్‌లో 66 అడుగుల ఒడ్డు పట్టీ కూడా ప్రభుత్వానిదే అయితే మీ సొంత నేల 19 సెంట్లకు పడిపోతుంది. అదే ఎకరం 30 మీటర్ల వెడల్పుతో పొడుగ్గా సాగి ఉంటే? మధ్యలో నిలబడ్డా ఏదో ఒక వైపు నీరు 15 మీటర్లకు లోపే. మురుగు ఏర్పాటుకు జాగా సున్నా. ప్రకటనలో రెండిటికీ ఎకరమనే రాస్తారు.

అందుకే విస్తీర్ణం కన్నా ఆకారం ముఖ్యం. ఉపగ్రహ మ్యాపులో దూరం కొలిచే పనిముట్టుతో అంచు నుంచి 15 మీటర్లు లోపలికి గీత గీసుకుంటూ పోతే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రెండెకరాల లోపు దీవుల్లో చాలావి ఈ పరీక్షకే జారిపోవచ్చు, ప్రయాణం ఖర్చు మిగులుతుంది.

జాగా మిగిలాక మట్టి. గోదావరి లంకల్లా ఇవి ఒండ్రుతో మేటవేసిన నేలలు కావు. హిమనదాలు గీకి వదిలేసిన గ్రానైటు. దాని మీద జానెడు నాచు, ఆకులు కుళ్లిన పొర. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చిన నీరు ఇంకే కాలువల అడుగు భాగానికీ కింద రాయికీ మధ్య కనీసం 900 మిల్లీమీటర్ల మట్టి ఉండాలి. గుంట మరుగుదొడ్డి అడుక్కీ భూగర్భ జల మట్టానికీ మధ్య కూడా అంతే. కాబట్టి చూడ్డానికి వెళ్లేటప్పుడు 4 అడుగుల ఇనుప చువ్వ, సుత్తి తీసుకెళ్లండి. 15 మీటర్ల గీత లోపల మూడేసి అడుగులకు ఒకచోట చువ్వ దించండి. 'టంగ్' మన్న చోట లోతు కొలిచి కాగితం మీద రాసుకోండి. అన్నిచోట్లా 20, 30 సెంటీమీటర్లకే రాయి తగిలితే బార్జిలో పదుల టన్నుల ఇసుక తెప్పించి దిబ్బ పోయాలి. దిబ్బ ఎత్తు పెరిగే కొద్దీ నీటి నుంచి ఉండాల్సిన దూరం కూడా పెరుగుతుంది, ముందు వేసిన 34 సెంట్ల లెక్క ఇంకా కుదించుకుపోతుంది.

దారి లేదా అంటే ఉంది. నీటితో పని లేని కంపోస్టు టాయిలెట్, స్నానం, గిన్నెల నీటికి రోజుకు 1,000 లీటర్లు మించని ఇంకుడు గుంట. వేసవిలో వచ్చిపోయే కేబిన్‌కు ఇది చాలు. ఏది కుదురుతుందో చెప్పాల్సింది ఏజెంటు కాదు, నార్త్‌వెస్టర్న్ హెల్త్ యూనిట్. మునిసిపాలిటీ లేని ప్రాంతంలో మురుగు అనుమతి ఇచ్చేది వాళ్లే. మీ చువ్వ కొలతలు, స్కెచ్చు పంపించి అడిగితే ముందస్తు అభిప్రాయం దొరుకుతుంది. దాన్ని రాతలో తీసుకోండి.

తాగునీటి విషయం ఒక్క మాట. సరస్సు నీటిని ఫిల్టరు, అల్ట్రావయొలెట్ దీపంతో శుద్ధి చేసుకుని వాడటం ఇక్కడ మామూలే. కానీ వేసవి చివర, ముఖ్యంగా దక్షిణ భాగంలో, నీలి ఆకుపచ్చ ఆల్గే తెట్టు కడుతుంది. దాని విషం మరిగించినా పోదు, దీపంతోనూ పోదు. దీవిని ఒకసారి జూన్‌లో, ఒకసారి ఆగస్టు చివర్లో చూడమనేది ఇందుకే.

ఏ ఆఫీసు కిందికి వస్తుంది?

ఒకే సరస్సులో మూడు రకాల పాలన ఉంది. కెనోరా నగర పరిధి, సూ నారోస్ నెస్టర్ ఫాల్స్ టౌన్‌షిప్ పరిధి, ఇక మిగిలింది చాలావరకు మునిసిపాలిటీ లేని ప్రాంతం. మొదటి రెండింటిలో జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడాలనే నిబంధనలు), బిల్డింగ్ పర్మిట్ అన్నీ ఉంటాయి. మూడోదాంట్లో మురుగు తప్ప కట్టడానికి పర్మిట్ ఇచ్చే ఆఫీసే లేదు. దీన్నే ఏజెంట్లు 'ఏ రూల్సూ లేవు' అని అమ్ముతారు. రూల్సున్నాయి. కరెంటు పనికి ఎలక్ట్రికల్ సేఫ్టీ అథారిటీ తనిఖీ ఉంటుంది, సోలార్‌కైనా సరే. కొన్నిచోట్ల మంత్రి జారీ చేసిన జోనింగ్ ఉత్తర్వులు, ప్రభుత్వ భూముల చట్టం కింద పరిమిత ప్రాంత ఉత్తర్వులు ఉంటాయి. ఇవి పార్సెల్ రిజిస్టర్‌లో కనబడకపోవచ్చు, లాయరు విడిగా రాసి కనుక్కోవాలి.

సరస్సు అడుగు ప్రభుత్వానిది. అయినా డాకుకు నీటి అడుగున ఆనే ఆధారాలు మొత్తం 15 చదరపు మీటర్లకు మించకపోతే రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు. తేలే డాకుకైతే ఈ బాధ చాలా తక్కువ, చలికాలంలో చాటుగా ఉన్న అఖాతంలోకి లాగేసుకోవచ్చు కూడా. చేపలు గుడ్లు పెట్టే కాలంలో నీటిలో రాళ్లు కదపడం, పోయడం నిషేధం. రాతి మీద పాత బొమ్మలు, సమాధి గుర్తులు కనబడితే ముట్టుకోకుండా ఆపేసి చెప్పాలి. పురావస్తు స్థలాన్ని లైసెన్సు లేకుండా కదిలించడం ఆంటారియో వారసత్వ చట్టం కింద నేరం.

డబ్బు, పన్నులు, ఇండియా లెక్క

ఖాళీ దీవికి బ్యాంకు అప్పు ఇస్తుందని ఆశ పెట్టుకోకండి. రోడ్డు లేని, ఇల్లు లేని స్థలాన్ని తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకులు ఇష్టపడవు. నగదుతోనో, వేరే ఇంటి మీద తీసుకున్న అప్పుతోనో కొంటారు. లేదా అమ్మేవాడే కొంత సొమ్ము వాయిదాల్లో తీసుకునేలా తాకట్టు రాయించుకుంటాడు. దాన్ని వెండర్ టేక్‌బ్యాక్ అంటారు, ఈ సరుకులో అది మామూలు, అడగడానికి మొహమాటపడొద్దు.

భూమి బదిలీ పన్ను మొదటి 55,000 డాలర్లకు అర శాతం, ఆపై 2,50,000 దాకా 1 శాతం, ఆపై 4,00,000 దాకా ఒకటిన్నర, దాని పైన 2 శాతం. 1,80,000 కెనడా డాలర్ల దీవికి 275, 1,250 కలిపి 1,525 డాలర్లు. అమ్మేవాడు వ్యక్తిగతంగా వాడుకున్న ఖాళీ స్థలమైతే సాధారణంగా 13 శాతం హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను) పడదు. వ్యాపారంగా ముక్కలు చేసి అమ్ముతుంటే పడుతుంది. అది ధరలో కలిసి ఉందో లేదో అగ్రిమెంట్‌లో రాయించండి.

విదేశీయులకు రెండు నిబంధనలు తెలియాలి. విదేశీయులు ఇళ్లు కొనకుండా కెనడా కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి 1 నుంచి పెట్టిన నిషేధాన్ని 2027 జనవరి 1 దాకా పొడిగించారు. అది పట్టణ ప్రాంతాలకే వర్తిస్తుంది, పైగా 2023 మార్చి 27న ఖాళీ భూమిని అందులోంచి తప్పించారు. రెండోది ఆంటారియో ప్రభుత్వం విదేశీ కొనుగోలుదారు మీద వేసే 25 శాతం పన్ను, 2022 అక్టోబరు 25 నుంచి రాష్ట్రమంతటా ఉంది. ఇది ఇల్లున్న స్థలానికి. దీవి మీద ఎవరో వదిలేసిన పాత కేబిన్ ఉంటే 'ఇల్లుగా' లెక్కకొస్తుందా అన్నది సంతకానికి ముందే లాయరు తేల్చాలి. రెండు లక్షల దీవికి యాభై వేలు తేడా. అమెరికాలో హెచ్1బీ మీదున్న భారతీయులు కూడా ఇక్కడ విదేశీయులే. దీవి ఉందని కెనడా వీసా రాదు, ఉండే హక్కు రాదు. భారత పాస్‌పోర్టుతో హెచ్1బీ మీదున్నవాళ్లు ప్రతి రాకకూ విజిటర్ వీసా చేతిలో ఉంచుకోవాలి, గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు.

ఇండియాలో నివసించేవాళ్లు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికా డాలర్ల దాకా పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. రిటర్నులో అది సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఆ సొమ్ము చేతిలో ఉండదు, బడ్జెట్ వేసేటప్పుడు మరిచిపోవద్దు. ఆ తర్వాత ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏలో దీవిని చూపించాలి.

ఇప్పుడు చాలామంది ఏజెంట్లు కూడా తేలిగ్గా వదిలేసే విషయం. ఈ సరస్సులో దీవుల యజమానులు అమెరికన్లు కూడా కావచ్చు. అమ్మేవాడు కెనడాలో నివసించని వ్యక్తి అయితే కెనడా ఆదాయపు పన్ను చట్టం 116వ సెక్షన్ ప్రకారం అతను పన్ను శాఖ నుంచి క్లియరెన్సు సర్టిఫికెట్ తేవాలి. తేకపోతే అతని పన్ను బాధ్యత కొన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. సర్టిఫికెట్ రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, అది వచ్చేదాకా ధరలో చట్టం చెప్పిన భాగాన్ని లాయరు ట్రస్టు ఖాతాలో అట్టిపెట్టాలని అగ్రిమెంట్‌లో ఉండాలి.

అగ్రిమెంట్‌లో రాయించాల్సినవి

ఆంటారియోలో ధర, షరతులు ఒకే కాగితంలో ఆఫరుగా వెళ్తాయి. అటువైపు సంతకం పడగానే అది కట్టుబాటు. మాట వరసకు చెప్పిన హామీకి విలువ లేదు. లాయరును కెనోరావైపు దీవులు చేసిన అనుభవం ఉన్నవాడిని చూసుకోండి, టొరంటో కాండో లాయరు చవగ్గా దొరికినా ఇక్కడి ఒడ్డు పట్టీల గొడవ అతనికి కొత్త.

ఈ షరతులు నెరవేరకపోతే అడ్వాన్స్ వెనక్కి వచ్చేలా ఉండాలి: రేవు, పార్కింగ్ హక్కు మీకు నచ్చినట్టు తేలడం, హెల్త్ యూనిట్ అభిప్రాయం, పేటెంట్, ఒడ్డు పట్టీ, వరద గీత, గనుల హక్కు లాయరుకు సమ్మతమవడం, బాధ్యతా బీమా దొరకడం. చలికాలంలో ఆఫరు పెడుతుంటే మంచు కరిగాక నేల మీద నడిచి చూసే షరతు కూడా. మంచు కింద మట్టి ఉందో రాయి ఉందో ఎవరూ చెప్పలేరు. అమ్మేవాడు తొందరపెడితే ఇంకో కొనుగోలుదారు ఉన్నాడన్న మాటకు లొంగకండి. ఈ సరుకు ఒక్కోసారి ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా ఉంటుంది.

సరిహద్దు గుర్తులు లేకపోతే ఆంటారియో ల్యాండ్ సర్వేయరుతో కొలిపించండి. దీవికి హద్దులెందుకు, చుట్టూ నీళ్లే కదా అనిపిస్తుంది. హద్దు నీటి అంచా, పాత వరద గీతా, ఒడ్డు పట్టీ లోపలి గీతా అన్నదే ఇక్కడి తగాదా. టైటిల్ ఇన్సూరెన్సు (హక్కు పత్రాల్లో లోపాలకు బీమా) తీసుకోండి గానీ దారి లేకపోవడాన్ని అది కవర్ చేస్తుందో మినహాయిస్తుందో పాలసీలో ఆ వాక్యం వెతికి చూపించమనండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక

మునిసిపాలిటీ లేని ప్రాంతంలో ఏటా ప్రావిన్షియల్ ల్యాండ్ టాక్స్ కట్టాలి. స్థలం విలువను ఎంప్యాక్ అనే సంస్థ కడుతుంది. ఆ సంస్థకూ, పన్ను శాఖకూ మీ ఉత్తరాలు అందే చిరునామాను మొదటి నెలలోనే ఇవ్వండి. బిల్లు పాత యజమాని ఇంటికి పోతుంటే బకాయి పేరుకుంటుంది, తెలిసేసరికి వడ్డీతో వస్తుంది.

ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 దాకా కార్చిచ్చు కాలం. చెత్త కొమ్మలు కాల్చాలంటే సూర్యాస్తమయానికి రెండు గంటలకన్నా ముందు అంటించకూడదు, సూర్యోదయం తర్వాత రెండు గంటల లోపే ఆర్పేయాలి. ఆంక్షలు పెట్టిన రోజుల్లో అదీ కుదరదు. మొదటి వేసవిలో ఇల్లు మొదలుపెట్టకండి. తేలే డాకు, ఒక టెంటు వేదిక, మరుగుదొడ్డి, ఇవి చాలు. ఆ సీజనంతా నీటి మట్టం ఎక్కడి దాకా వచ్చిందో రాయి మీద గుర్తులు పెట్టుకోండి, గాలి ఎటు నుంచి కొడుతోందో చూడండి, కేబిన్ ఎక్కడ వేయాలన్నది శీతాకాలంలో తేల్చుకోవచ్చు. బరువు సామాను ఎంతవరకు ఫిబ్రవరి మంచు మీద స్నోమొబైల్ బండితో లాగించవచ్చో కూడా అప్పుడే స్థానిక కాంట్రాక్టరుతో మాట్లాడుకోండి. బార్జి బుకింగు మాత్రం జనవరిలోనే చెప్పాలి, మే నెలలో ఫోన్ చేస్తే ఆగస్టు అంటారు.